డ్రయ్యర్ సిలిండర్లను ఆవిరికి బదులు థర్మిక్ ఆయిల్‌తో వేడి చేయవచ్చా?

పెన్నాతీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నెల్లూరు దగ్గరలో ఉన్న ఒక చిన్న క్రాఫ్ట్ పేపరు (ప్యాకింగుకు వాడే గట్టి గోధుమరంగు కాగితం) మిల్లులో నేను మెయింటెనెన్స్ చూస్తున్నాను. మా మెషీన్ నిమిషానికి 250 మీటర్ల వేగంతో నడుస్తుంది. ఒకటిన్నర మీటరు వ్యాసం గల పోత ఇనుము డ్రయ్యర్ సిలిండర్లు (లోపల ఆవిరితో వేడెక్కి, పైన నడిచే తడి కాగితాన్ని ఆరబెట్టే రోల్స్) 28 ఉన్నాయి. బాయిలర్‌కు ఇంధనం ఊక, అది బుచ్చిరెడ్డిపాళెం వైపు రైస్ మిల్లుల నుంచి వస్తుంది.

రెండు నెలలుగా రీలు మీద కాగితం అంచుల్లో పెళుసుగా, నడుమ చెమ్మగా వస్తోంది. ఏ షిఫ్టులో ఎవరున్నా చేసే పని ఒక్కటే, ఆవిరి ప్రెషర్ పెంచడం. చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోల దగ్గర నడిచిన మెషీన్ ఇప్పుడు ఐదు కిలోలకు చేరింది. ఊక ఖర్చు పెరిగింది గానీ తేమ సమస్య తీరలేదు. పైగా రెండో గ్రూపు డ్రయ్యర్ల మోటారు ఆంపియర్లు ఒకచోట నిలవకుండా ఊగుతున్నాయి. ఆవిరిని పూర్తిగా మానేసి సిలిండర్లన్నిటిలోనూ థర్మిక్ ఆయిల్ (వేడిని మోసుకెళ్లే నూనె) తిప్పితే వేడి సమానంగా ఉంటుందని ఒక సరఫరాదారు మా యాజమాన్యానికి సలహా ఇచ్చారు. అంత డబ్బు పెట్టే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

ఒంగోలు ఫోర్‌మన్:

నమస్కారమండీ. నేను ముప్పై ఏళ్లకు పైగా డ్రయ్యర్ సెక్షన్‌లోనే పనిచేసి రిటైరై ఒంగోలులో ఉంటున్నాను. మీ ప్రశ్నలో నన్ను ముందుగా పట్టుకున్నది ఆయిల్ మాట కాదు, ఊగుతున్న ఆంపియర్లు. సిలిండర్ లోపల ఆవిరి తన వేడిని ఇచ్చి నీరుగా మారుతుంది, ఆ నీటిని సైఫన్ గొట్టం ఎప్పటికప్పుడు బయటికి తోడేయాలి. తోడకపోతే నీరు లోపల పేరుకుంటుంది. తక్కువ వేగంలో అది అడుగున మడుగులా ఉంటుంది, బాగా ఎక్కువ వేగంలో లోపలి గోడ చుట్టూ ఒక పొరలా అంటుకుంటుంది. మీరు నడిపే వేగం ఈ రెంటికీ నడుమది కాబట్టి, నీరు గోడతోపాటు కొంత ఎత్తు ఎక్కి మళ్లీ కిందికి జారిపడుతూ ఉంటుంది. మోటారు మీద భారం ఊగడానికి అదే కారణం అయి ఉంటుందని నా గట్టి అనుమానం.

కదలకుండా నిలిచిన ఒక మిల్లీమీటరు నీటి పొర వేడికి పెట్టే అడ్డు, దాదాపు డెబ్బై మిల్లీమీటర్ల మందం పోత ఇనుము పెట్టే అడ్డుతో సమానం. మీ దగ్గర నీరు కదులుతూ ఉంటుంది కనుక అడ్డు అంత తీవ్రంగా ఉండకపోవచ్చు, అయినా నీరు పెరిగినకొద్దీ సిలిండర్ చల్లబడక తప్పదు. ప్రెషర్ మూడున్నర నుంచి ఐదు కిలోలకు పెంచితే ఆవిరి వేడి సుమారు 147 డిగ్రీల నుంచి 158 డిగ్రీలకు మాత్రమే పెరుగుతుంది. ఆ పదకొండు డిగ్రీల కోసం మీరు ఇంత ఊక తగలబెడుతున్నారు.

ఇరవై ఎనిమిది సిలిండర్ల ఉపరితల వేడినీ ఒకే పూటలో, మెషీన్ నడుస్తుండగా కొలిచి వరుసగా కాగితం మీద రాయండి. తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ మీటరును నమ్మకండి. నున్నగా మెరిసే ఇనుము వేడిని తక్కువగా వెదజల్లుతుంది కాబట్టి ఆ మీటరు తప్పు లెక్క చూపిస్తుంది. తిరిగే రోల్‌కు ఆనించి కొలిచే పైరోమీటరు వాడండి. పక్కవాటికంటే పది పదిహేను డిగ్రీలు చల్లగా ఉన్న సిలిండర్ దొరికితే దాని సైఫన్, స్టీమ్ ట్రాప్ (ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదిలే వాల్వ్), ఆవిరికీ కండెన్సేట్ (ఆవిరి మారిన నీరు) లైనుకూ మధ్య ప్రెషర్ తేడా, ఈ మూడూ చూడాలి. మ్యాన్‌హోల్ తెరవాల్సి వస్తే ఆవిరి వాల్వ్ మూసి తాళం వేసి, లైనును పూర్తిగా మూసే బ్లైండ్ ప్లేటు పెట్టి, సిలిండర్ పూర్తిగా చల్లారాక, బయట ఒక మనిషి కాపలా ఉండగానే లోపలికి చూడాలి. ఈ ఒక్క విషయంలో దయచేసి తొందరపడవద్దు.

కావలి థర్మల్:

ఫోర్‌మన్ గారి మాటతో ఏకీభవిస్తూ, ఆయిల్ సంగతి నేను చెబుతాను. మూడున్నర కిలోల ప్రెషర్‌లో ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 2,120 కిలోజౌళ్ల వేడి ఇస్తుంది. ఆ వేడి ఇస్తున్నంతసేపూ దాని ఉష్ణోగ్రత మారదు. థర్మిక్ ఆయిల్ అలా కాదు, వేడి ఇచ్చినకొద్దీ చల్లబడుతుంది. ఆయిల్ పది డిగ్రీలు మాత్రమే చల్లబడాలని మనం పట్టుబడితే, ఒక కిలో ఆవిరి చేసే పనికి తొంభై కిలోల ఆయిల్ తిప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా ఆయిల్ లోపలికి వచ్చే వైపుకూ బయటికి పోయే వైపుకూ తేడా ఉండనే ఉంటుంది. అందుకే ఇంగ్లండులో 1820లో క్రాంప్టన్ అనే కాగితం తయారీదారు ఆవిరి సిలిండర్లకు పేటెంటు పొందిన నాటి నుంచి నేటి వరకూ కాగితం ఆరబెట్టడానికి ఆవిరే ప్రధానంగా నిలిచింది. తిరిగే సిలిండర్‌కు గొట్టాన్ని కలిపే రోటరీ జాయింట్ దగ్గర వేడి ఆయిల్ కారితే, చుట్టూ ఉన్న కాగితపు దుమ్ముతో అగ్ని ప్రమాదం కూడా ఉంటుంది.

ఆయిల్‌తో వేడి చేసే రోల్స్‌కు సరైన చోటు క్యాలండర్, అంటే కాగితాన్ని రోల్స్ మధ్య నొక్కి నునుపు చేసే భాగం. అక్కడ కాగితం అప్పటికే ఆరి ఉంటుంది, ఆవిరి చేయాల్సిన నీరు దాదాపు ఉండదు, కావలసిందల్లా ఉపరితలానికి నునుపు, మెరుపు. ఆవిరిని 200 డిగ్రీలకు తేవాలంటే ప్రెషర్ పద్నాలుగు పదిహేను కిలోలు దాటాలి, ఆయిల్ మాత్రం కొద్దిపాటి ప్రెషర్‌లోనే ఆ వేడిని అందుకుంటుంది. ఆ రోల్స్ బయట గట్టిగా ఉండే చిల్డ్ పోత ఇనుముతో తయారై, ఉపరితలానికి దగ్గరగా చుట్టూ తొలిచిన రంధ్రాల గుండా ఆయిల్ తిరిగేలా ఉంటాయి. మీరు చేసేది క్రాఫ్ట్ పేపరు కనుక ఆ ఖర్చు మీకు అవసరం లేదని నా అభిప్రాయం.

పెన్నాతీరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. పదిహేను రోజుల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి, షట్‌డౌన్ దొరికే దాకా ఆగాను. కొలిచి చూస్తే పదకొండో సిలిండర్ 96 డిగ్రీలు, పద్నాలుగోది 99, వాటి పక్కవి 112 నుంచి 115 వరకూ ఉన్నాయి. పదకొండోది తెరిచినప్పుడు అడుగున జానెడు లోతు నీరు, తుప్పు కలిసి టీ డికాక్షన్ రంగులో కనిపించింది. సైఫన్ గొట్టం వంపు దగ్గర పెన్సిలు దూరేంత రంధ్రం పడి ఉంది. ఆవిరి ఆ రంధ్రం గుండానే బయటికి పోతూ ఉండటంతో అడుగున ఉన్న నీరు పైకి రాలేదు. పద్నాలుగోదానిలో సైఫన్ మొన అరిగి గోడకు దూరమైంది. రెండూ మార్చాము. ఆంపియర్లు నిలబడ్డాయి, ప్రెషర్ మళ్లీ మూడున్నర కిలోలకు వచ్చింది. కానీ రీలు నడుమ కొద్దిపాటి చెమ్మ ఇంకా మిగిలే ఉంది. దీనికి కూడా సిలిండర్లే కారణమా?

ఒంగోలు ఫోర్‌మన్:

చాలా సంతోషమండీ. నడుమ మాత్రమే మిగిలిన చెమ్మకు నేను సిలిండర్లను తప్పుపట్టను. కాగితానికీ, దాన్ని సిలిండర్‌కు అదిమిపట్టే ఫెల్ట్ గుడ్డకూ, సిలిండర్లకూ మధ్య మిగిలే ఖాళీల్లో తడి గాలి నిలిచిపోతుంది. అంచుల వైపు అది తేలికగా బయటికి పోతుంది, నడుమ పోలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వానలు కురిసే రోజుల్లో బయటి గాలే తేమగా ఉంటుంది కనుక ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. డ్రయ్యర్ల మీది కప్పు (హుడ్) నుంచి తడి గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతోందో లేదో, ఆ ఖాళీల్లోకి వేడి పొడి గాలి కొట్టే గొట్టాలు మూసుకుపోయాయో చూడండి.

దానితోపాటు, డ్రయ్యర్లకు ముందు కాగితంలోని నీటిని పిండే ప్రెస్ సెక్షన్‌ను కూడా వదలకండి. ప్రెస్ నుంచి బయటికి వచ్చే కాగితంలో పొడిదనం 42 నుంచి 43 శాతానికి పెరిగినా, డ్రయ్యర్లు ఆవిరి చేయాల్సిన నీరు దాదాపు నాలుగు శాతం తగ్గుతుంది. ప్రెస్ ఫెల్ట్ నడుమ మూసుకుపోయిందేమో ఉతికి చూడటం సిలిండర్ తెరవడం కంటే తేలిక.

ఇంకొక మాట. షట్‌డౌన్ తర్వాత సిలిండర్లను ఒక్కసారిగా పూర్తి ప్రెషర్‌కు తేవద్దు. వాటిని నెమ్మదిగా తిప్పుతూ, తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టి, లోపలి గాలి వెళ్లిపోయేదాకా ఓపిక పట్టి వేడెక్కించండి. కాగితం తెగి చుట్టుకున్నప్పుడు దాన్ని తీయడానికి వేడి సిలిండర్ మీద పైపుతో చల్లని నీళ్లు కొట్టే అలవాటు ఏ షిఫ్టులోనైనా ఉంటే ఈరోజే ఆపించండి. పోత ఇనుము సాగదు, పగులుతుంది.