ఎనిమిది పెట్టలు, ఒక పుంజు: పెరటి గూడు ఎట్లా కట్టాలి?

కావలి నుంచి ప్రశ్న:
నాటు కోళ్లు. పగలంతా పెరట్లో తిరుగుతాయి, రాత్రికి గూట్లో పెట్టాలి. సరుగుడు కర్రలు ఉన్నాయి. పైకప్పుకు రేకా, తాటాకా? నవంబరు తుఫాన్లకు చుట్టూ పట్ట కట్టేస్తే చాలా? ముంగిసల బెడద కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

ఒంగోలు నుంచి:
చుట్టూ పట్ట మాత్రం కట్టబాకండి. చలికంటే మూసిన గూట్లో తడి ఊక, రెట్ట ఘాటు కోళ్లకు ఎక్కువ చేటు. కళ్లు నీరు కారతాయి, గురక పట్టుకుంటుంది.

కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన తూర్పు పడమరలు 5 అడుగులు, ఉత్తర దక్షిణాలు 4 అడుగులు చాలు. తూర్పు, పడమర గోడలు పూర్తిగా మూసి, మిగతా రెండు వైపులా మెష్ వదిలితే ఎండ లోపలికి పడదు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల జల్లు ఉత్తరం నుంచి కొడుతుంది. కప్పు వాలు అటే ఇచ్చి, రేకు రెండడుగులు బయటికి రానివ్వండి. పట్ట కూడా అటువైపే, కింద బిగించి పైకి లాగేలా. పైన జానెడు సందు ఎప్పుడూ తెరిచి ఉండాలి.

రేకు ఒక్కటే అయితే మే నెలలో కోళ్లు నోరు తెరిచి రొప్పుతాయి. ఉత్త తాటాకులో ఎలుకలు చేరతాయి. రేకు వేసి, ఎండాకాలం దానిమీద తాటాకు కప్పండి. అక్టోబరుకల్లా దించెయ్యండి, లేకుంటే గాలికి లేచిపోతుంది.

కందుకూరు నుంచి:
ఆరుపలకల కోళ్ల జాలీ కోడిని ఆపుతుందేగాని ముంగిసను ఆపదు. అరంగుళం వెల్డ్ మెష్ కొనండి. తలుపుకు కొక్కెం కాదు, గడియ పెట్టండి.

గూడు నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటే కిందనుంచి తవ్వి రావడం ఉండదు. కర్రలను మట్టిలో పాతితే చెద పడుతుంది. సిమెంటు దిమ్మెల మీద నిలిపి, తుఫానుకు కదలకుండా నాలుగు మూలలా ఇనప తీగతో మేకులకు బిగించండి.

కూర్చునే కర్ర రెండంగుళాల లావుండాలి, కోడికి 8 అంగుళాల జాగా. గుడ్ల పెట్టెలు అడుగు చదరానివి రెండు చాలు. కర్ర వాటికంటే ఎత్తులో ఉండి తీరాలి. లేదంటే కోళ్లు పెట్టెల్లోనే పడుకుని గుడ్లన్నీ రెట్ట చేస్తాయి.

కావలి నుంచి:
ఊక ఎన్నాళ్లకు మార్చాలి?

ఒంగోలు నుంచి:
రోజుల లెక్క పెట్టుకోబాకండి. మూడంగుళాల మందాన పరిచి, అప్పుడప్పుడూ గుప్పెడు తీసి పిడికిట బిగించండి. వదిలినప్పుడు విడిపోతే బాగున్నట్టు, ముద్ద కడితే మార్చాలి. అక్కడక్కడే తడిస్తే సున్నప్పొడి చల్లి తిరగెయ్యండి. నీళ్ల గిన్నె గూటి బయటే ఉంచండి, తడికి సగం కారణం అదే.