పాస్టర్ రాజీనామా చేశారు, కేసు మాత్రం కట్టలేదు

మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లె. సండే స్కూల్‌కి వచ్చే పద్నాలుగేళ్ల పాపతో మా పాస్టర్ అసభ్యంగా ప్రవర్తించారని తెలిసి, మూడు వారాల క్రితం సంఘ పెద్దలకు రాసిచ్చాం. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన రాజీనామా చదివారు. ఇక అయిపోయిందంటున్నారు పెద్దలు. (2024 నవంబరులో ఇంగ్లండ్ చర్చి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ తప్పుకుంటానని ప్రకటించింది వేరొకరి అకృత్యాలు పోలీసులదాకా చేరేలా చూడలేదని. ఇక్కడ ఆరోపణ పాస్టర్ మీదే!) స్టేషన్‌కి రెండుసార్లు వెళ్లాం. ‘మీలో మీరు మాట్లాడుకోండి’ అన్నారు, రసీదు ఇవ్వలేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి పది రోజులైంది, కబురు లేదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సోలో 19వ సెక్షన్ ప్రకారం నేరం సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి కదా. పాప తల్లి మాత్రం మళ్లీ స్టేషన్ మెట్లెక్కనంటోంది. ఆవిడ సంతకం లేకుండా మేమే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపితే కేసు కడతారా?