‘...తోక ప్రతాపస్ఫుర...’ ఏ పద్యం ఇది? (డెత్ మెటల్ వింటుంటే గుర్తొచ్చింది)

రాత్రిబస్సు
అందరికీ నమస్కారం. ఒక పద్యపాదం మూడు రోజులుగా బుర్ర తినేస్తోంది. ప్రతి ఆదివారం రాత్రి మేం ముగ్గురు పాత స్నేహితులం ఫోన్లో కలిసి పాటలు వింటాం. తలా ఒకటి పెట్టాలి, మిగతా ఇద్దరూ చివరిదాకా నోరెత్తకూడదు. మొన్న నా వంతు. మోర్బిడ్ ఏంజెల్ వాళ్ల ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (1989) పెట్టాను. పీట్ శాండోవల్ రెండు కాళ్లతో కిక్ డ్రమ్ము దంచుతుంటే, ఎక్కణ్ణుంచి ఊడిపడిందో గానీ ఒక ముక్క వచ్చి దాని మీద కూర్చుంది: ‘...తోక ప్రతాపస్ఫుర ద్గర్వాంధ...’. ముందూ లేదు, వెనకా లేదు. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు బల్ల గుద్దుతూ చదివేవారు. ఏ పద్యం? ఆ తోక ఎవరిది? లంకాదహనం కాబోలనుకుని వెతికితే దొరకలేదు.

అరసున్న
తోకా లేదు, లంకా లేదు నాయనా. విరాటపర్వం. ద్రౌపది కీచకుణ్ణి బెదిరించే పద్యం.

దుర్వారోద్యమ బాహువిక్రమ రసాస్తోక ప్రతాపస్ఫుర
ద్గర్వాంధ ప్రతివీర నిర్మథన విద్యాపారగుల్ మత్పతుల్

రస + అస్తోక. స్తోకం అంటే కొంచెం, అస్తోకం అంటే కొంచెం కానిది. మీ మాస్టారు బల్ల గుద్దారంటే సరిగ్గానే చదివారు.

రాత్రిబస్సు
ఇరవై ఏళ్లుగా అది తోకే అనుకుంటున్నా మాస్టారూ. పరువు పోయింది.

గోదారిగట్టు
పరువు సంగతి తర్వాత. మా నాన్నగారు ‘రసస్తోక’ అని చదివేవారు, సా కాదు, స. ఆయన భారతం మూడు పర్వాలు కంఠతా పట్టిన మనిషి. తప్పు చదివి ఉంటారంటే నేనొప్పుకోను.

అరసున్న
మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ‘రసస్తోక’ అయితే ద్రౌపది తన మొగుళ్ల ప్రతాపం కొంచెమే అన్నట్టవుతుంది. కీచకుడు నవ్విపోతాడు.

నాలుగోపాదం
అసలు మజా ఇక్కడుంది. ఛందస్సు ఈ తగువు తీర్చదు! శార్దూలంలో యతి పదమూడో అక్షరం. లెక్కపెట్టండి, సరిగ్గా ‘స్తో’ మీద పడుతుంది. మొదటి అక్షరం ‘దు’. ద-త మైత్రి, ఉ-ఒ మైత్రి, రెండూ కుదిరాయి. అంటే తోకని ఎవరూ కదపలేరు, రాత్రిబస్సు గారి చెవికి నూటికి నూరు మార్కులు. ఆయన మిగతాదంతా మర్చిపోయి యతిస్థానం ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు. కానీ పన్నెండో అక్షరం? ‘సా’ దీర్ఘం కాబట్టి గురువు. ‘స’ అన్నా వెనక ‘స్తో’ సంయుక్తం ఉంది కాబట్టి అదీ గురువే. గణం రెండు విధాలా సరిపోతుంది. తేల్చాల్సింది అర్థమే.

అరసున్న
అర్థం తేల్చేసింది. ఇంకేం మిగిలింది?

చేదుకాఫీ
గోథెన్‌బర్గ్ నుంచి నమస్తే. ఇక్కడ తెలుగులో మాట్లాడే మనుషులే తక్కువ, డెత్ మెటల్ గురించి తెలుగులో మాట్లాడే వాళ్లు ఈ చోట దొరుకుతారని కలలో కూడా అనుకోలేదు. రాత్రిబస్సు తమ్ముడూ, నీ ‘తోక’ మాకు రోజూ ఉండే జబ్బే. డెత్ మెటల్ వాళ్లు బొంగురుగా, లోతుగా పాడే గొంతునే గ్రౌల్ అంటాం. గ్రౌల్‌లో ముందు పోయేవి అచ్చులు. అన్నీ ఒక్కలాగే ‘ఓ’కీ ‘అ’కీ మధ్య ఎక్కడో నలిగిపోతాయి. నిలబడేవి హల్లులు, వాటి బరువు. గ్రౌల్‌లో నువ్వు ‘రసాస్తోక’ అన్నా ‘రసస్తోక’ అన్నా పట్టే సమయం ఒకటే, వినబడేదీ ఒకటే. లిరిక్ షీట్ లేకపోతే ఎవడికి వాడే పెదకోమటి వేమారెడ్డి!

(చివరి మాటకి అర్థం వెతక్కండి, నోటికొచ్చింది.)

అరసున్న
వెతుకుతాం. కానీ వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి అని గుర్తుంచుకోండి, పాఠాంతరాల దగ్గర ఆ పేరు ఊరికే వాడకూడదు.

నాలుగోపాదం
అక్కా, ఒక సందేహం. మెటల్ వాళ్లు ‘గ్యాలప్’ అంటారే, అది ఏ లయ?

చేదుకాఫీ
గుర్రం పరుగు. ఒక పొడుగు, రెండు పొట్టి: డం-డక-డం-డక. తిప్పేస్తే రివర్స్ గ్యాలప్, రెండు పొట్టి, ఒక పొడుగు: డక-డం. కుడిచేత్తో గిటారు తీగని అరచేతి అంచుతో నొక్కిపెట్టి కొడతారు. స్లేయర్ వాళ్ల ‘రెయిన్ ఇన్ బ్లడ్’ (1986) విను, 10 పాటలు, మొత్తం 29 నిమిషాలు. ఊపిరి తీసుకునే చోటు ఉండదు.

నాలుగోపాదం
ఇది భగణం! గ్యాలప్ అంటే భగణం, రివర్స్ గ్యాలప్ అంటే సగణం. ఉత్పలమాల గ్యాలప్‌తో మొదలవుతుంది, మత్తేభం రివర్స్ గ్యాలప్‌తో. శార్దూలం అయితే మూడు గురువులు బండరాళ్లలా వేసి (దు-ర్వా-రో), ఆ తర్వాత సగణంలోకి దూకుతుంది. నెమ్మదిగా, బరువుగా డూమ్ రిఫ్ వాయించి గేరు మార్చినట్టు. తిక్కన ఆ చోట ఈ వృత్తమే ఎందుకు ఎంచుకున్నాడో నాకివాళ అర్థమైంది. మరి బ్లాస్ట్ బీట్ అంటే?

రాత్రిబస్సు
స్నేర్, కిక్, సింబల్ అన్నీ ఒకే వేగంతో, పొడుగు అన్నదే లేకుండా. వర్షం రేకుల మీద పడ్డట్టు.

నాలుగోపాదం
సర్వలఘువు. పోతన: ‘అడిగెదనని కడువడిఁ జను...’ మొత్తం బ్లాస్ట్ బీట్. కందంలో రెండో పాదం, నాలుగో పాదం చివర గురువు తప్పదు కదా, అక్కడ క్రాష్ సింబల్.

అరసున్న
అయ్యా! అది గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి. భర్త ఎక్కడికి పరిగెడుతున్నాడో అడుగుదామా వద్దా అని ఒక అడుగు వేసి ఆగే ఇల్లాలు. ఆ తడబాటే లఘువుల్లో ఉంది. దాన్ని తీసుకెళ్లి డ్రమ్ముల మీద వేస్తారా? పోతన కాళ్లు కడిగి నీళ్లు నెత్తిన చల్లుకోవలసింది పోయి...

చేదుకాఫీ
మాస్టారూ, కోప్పడకండి. బ్లాస్ట్ బీట్ ఎప్పుడూ కోపమే కాదు. ఒక హద్దు దాటాక చెవికి అది వేగంలా అనిపించదు, కదలకుండా నిలబడిపోయిన హోరులా ఉంటుంది. నార్వే బ్లాక్ మెటల్ అంతా ఆ కిటుకు మీదే నడిచింది. డార్క్‌థ్రోన్ 1994లో చేసిన ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ మంచు కురిసే రాత్రి ఒక్కసారి వినండి. లక్ష్మీదేవి తడబాటు కాకపోయినా, ఎక్కడికీ వెళ్లని పరుగు మాత్రం దొరుకుతుంది.

గోదారిగట్టు
ఇంత దూరం ఎందుకండీ. మా వైపు వీరభద్రుడి సంబరం చూశారా? వీరణాలు మోగుతుంటే, నారసం గుచ్చుకున్న మనిషి ‘శరభ శరభ అశ్శరభ శరభ’ అని ఎత్తుకుంటే చంకలో పిల్లలు జడుసుకునేవాళ్లు. ఆ గొంతు మీరు చెప్పే గొంతే. మైకు కూడా అక్కర్లేదు.

పాతపుస్తకం
‘దశ్శరభ’ అండీ. అశ్శరభ కాదు.

గోదారిగట్టు
మా ఊళ్లో అశ్శరభే.

పాతపుస్తకం
మా ఊళ్లో దశ్శరభ.

రాత్రిబస్సు
దీనికి వేరే చర్చ పెట్టుకోండి బాబూ, రాత్రి తెల్లారిపోతుంది. నా రెండో ప్రశ్న అడగనివ్వండి. గ్రౌల్‌కి తెలుగు మాట ఏది? మా ముగ్గురిలో ఒకడు ‘గర్జన’ అంటాడు. నాకు నచ్చలేదు, సినిమా పోస్టర్‌లా ఉంది.

అరసున్న
మనకు జంతువుకొక మాట ఉంది కదా. ఏనుగుది ఘీంకారం, ఎద్దుది రంకె, నక్కది ఊళ, గాడిదది ఓండ్ర, పులిది గాండ్రింపు. శార్దూలం అంటేనే పులి. పద్యం శార్దూలం, గొంతు గాండ్రింపు. ఇంతకన్నా ఏం కావాలి?

చేదుకాఫీ
వినడానికి బాగుంది గానీ ఒప్పుకోను. గాండ్రింపు, గర్జన రెండూ గట్టిగా అరవడం. బాగా గ్రౌల్ చేసేవాళ్లు నిజానికి గట్టిగా అరవరు. నేను రెండేళ్లు నేర్చుకుని గొంతు పాడుచేసుకున్నాక తెలిసింది. అసలు స్వరతంతువుల పైన ఇంకో జత మడతలుంటాయి, వాటిని అదిలించాలి, కడుపులోంచి గాలి తోయాలి. మైకుని పెదాలకి ఆనించాల్సిందే, లేకపోతే పక్కింటికి కూడా వినబడదు. అంచేత ‘గుర్రు’. కుక్క కరిచే ముందు గుర్రుమంటుంది చూడండి, అది.

గోదారిగట్టు
గుర్రు అంటే గురకే గుర్తొస్తుంది. మా ఆయనకి ఆల్బమ్ కాంట్రాక్టు ఇప్పించండి.

నాలుగోపాదం
గుర్రుకి నా ఓటు. మరి బ్లాక్ మెటల్‌లో సన్నగా చీరినట్టు అరుస్తారే, దానికి ‘కీచు’. ఇక చూడండి, పద్యం చివరి మాట ఏమిటి? ‘...తథ్యంబెమ్మెయిం గీచకా!’ కీచకం అంటే గాలి దూరితే మోగే వెదురు. అమరకోశం వెదుళ్లలో ఆ రకాన్నే కీచకమంది. మేఘసందేశంలో కాళిదాసు శివుడి పాటకి వాటితో వేణువు ఊదించాడు. అంటే ద్రౌపది గుర్రుతో మొదలుపెట్టి కీచుతో ముగించింది.

అరసున్న
కాళిదాసు వెదుళ్లు మధురంగా మోగాయి. కీచుమనలేదు. తెలుగు ‘కీచు’కీ సంస్కృత కీచకానికీ చుట్టరికం కలపాలంటే పెళ్లిచూపుల ముందు గోత్రాలు అడగాలి.

నాలుగోపాదం
ఒప్పుకుంటున్నా గురువుగారూ. చమత్కారమే, వ్యుత్పత్తి కాదు.

పాతపుస్తకం
స్తోకం దగ్గరికి వద్దాం. పాణిని ‘స్తోకాంతికదూరార్థకృచ్ఛ్రాణి క్తేన’ అన్నాడు. స్తోకాన్ముక్తః అంటే తృటిలో తప్పించుకున్నవాడు. తిక్కన సోమయాజికి ఇది తెలియకుండా ఉంటుందా? కీచకుడు అస్తోకం చేతిలో పడ్డాడు, స్తోకంలో కూడా తప్పించుకోలేడని ధ్వని.

అరసున్న
ఇది బాగుంది. పూర్తిగా నమ్మను గానీ, బాగుంది.

రాత్రిబస్సు
మీరు సమాసాల గురించి మాట్లాడుతుంటే కార్కస్ గుర్తొస్తున్నారు మాస్టారూ. లివర్‌పూల్ వాళ్లు. 1988లో మొదటి ఆల్బమ్, పాటలన్నీ శవపరీక్ష గదిలోంచి ఎత్తుకొచ్చిన వైద్యపదాలే. నిఘంటువు లేకుండా ఒక్క వాక్యం దాటలేం. వరూధినీ ప్రవరాఖ్యం దాకా నాకు తెలుగు టీకా ఎలా అవసరమో, కార్కస్‌కి డాక్టరీ చదివే మా చెల్లి అలా. అది విసుక్కుంటూ అర్థం చెప్పి, అన్నం తినేముందు ఇవేం ప్రశ్నలురా అనేది.

పాతపుస్తకం
మెటల్‌లో సంస్కృతం కూడా ఉందట కదా, నిజమేనా?

రాత్రిబస్సు
ఉందండీ. సింగపూర్ వాళ్లు రుద్ర, 1992 నుంచి ఉన్నారు. ‘బ్రహ్మవిద్య’ పేరుతో మూడు ఆల్బమ్‌లు, 2005, 2009, 2011. వేదాంతం మీద. మహాప్రాణాలు గ్రౌల్‌లో ఎంతవరకు బతుకుతాయో వినడానికైనా వినండి. నాకు మొదటిదే ఇష్టం. ఇంకో వింత, చెక్ దేశం వాళ్లు కల్ట్ ఆఫ్ ఫైర్. 2013 ఆల్బమ్‌కి పేరు దేవనాగరిలోనే వేశారు: ‘మృత్యు కా తాపసీ అనుధ్యాన్’. చావు మీద తపస్సు అని వాళ్ల ఉద్దేశం.

పాతపుస్తకం
తాపసీ ఏమిటి? తాపసి అంటే తెలుగులో మగవాడే, సంస్కృతంలో తాపసీ అంటే సన్న్యాసిని. ధ్యానానికి స్త్రీలింగ విశేషణమా?

చేదుకాఫీ
విభక్తి పట్టింపు ఉంటే మేహెమ్ జోలికి పోకండి. 1994 ఆల్బమ్ పేరు లాటిన్‌లో ‘దే మిస్టీరియీస్ దోమ్ సతానస్’. ‘దోమ్’ అంటే ప్రభువు అనే మాటని నరికేసిన ముక్క. షష్ఠి ప్రత్యయం ఉండాల్సిన చోటే నరికారు! పాడింది హంగరీ మనిషి అటీలా చిహార్. నార్వే వాళ్ల లాటిన్, హంగరీ నోరు. వ్యాకరణం దిక్కులేనిదైంది గానీ, ఆ గొంతు మాత్రం గాండ్రింపూ కాదు, గుర్రూ కాదు, కీచూ కాదు. పాడుబడిన గుళ్లో పూజారి దగ్గు ఆపుకుంటూ మంత్రం చదివినట్టుంటుంది. నా మటుకు నాకు అంతకన్నా గొప్ప గొంతు లేదు.

గోదారిగట్టు
దోమ్ సతానస్. మా ఊళ్లో సాయంత్రం ఆరింటికి వస్తాయి అవి.

అరసున్న
నిన్న రాత్రి మనవరాలి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మోర్బిడ్ ఏంజెల్ విన్నాను. మాట ఒక్కటీ తెలియలేదు. యతి ఎక్కడా వినబడలేదు. వాళ్ల ఆల్బమ్‌లకి పేర్లు ఏ, బీ, సీ, డీ వరసలో పెట్టుకొచ్చారని మా మనవరాలు చెప్పింది, ఆ క్రమశిక్షణ నచ్చింది. రెండో పాటకి మా ఇంటావిడ వచ్చి హెడ్‌ఫోన్లు తీసేసింది. బయటికి వినబడుతోందట.

రాత్రిబస్సు
రేపు ఆదివారం ఫోన్లోకి రండి మాస్టారూ. మీ వంతుకి మీరు పద్యం పెట్టండి. మేం నోరెత్తం.

అరసున్న
‘సా’ అనే చదువుతాను. ముందే చెబుతున్నాను.

గోదారిగట్టు
నేనూ వస్తా. ‘స’ అని సరిచేయడానికి.

తాటాకు
ఆలస్యంగా చూశాను, క్షమించాలి. ‘రసా’ అంటే భూమి అని ఒక అర్థం ఉంది కదా. రసాతలంలో ఉన్నది అదే. ఇక్కడ అది ఎందుకు కాకూడదు?