బడిలో పిల్లల కోర్టు పెడితే కేసు అక్కడితో ఆగుతుందా?

లంకగట్టు:
రాజోలు వైపు ఓ హైస్కూలు పేరెంట్స్ కమిటీలో ఈ మాట నడుస్తోందండి. రొయ్యల చెరువు గట్టు మీద ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) వైరు కోసి రాగి అమ్ముకోవడం, దింపు తీసిన కొబ్బరికాయలు రాశిలోంచి మాయం చెయ్యడం, అన్నీ పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల పనులే. అమెరికాలో తోటి పిల్లలే జ్యూరీగా కూర్చునే కోర్టులున్నాయి కదా, అలాంటిది బడిలో పెట్టుకోవచ్చా?

కోర్టుమెట్లు:
దొంగతనం దాకా వెళ్తే బడి చేతిలో ఏమీ ఉండదండి. 18 నిండనివాళ్ల కేసు విచారించాల్సింది జువెనైల్ జస్టిస్ బోర్డే. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి.

గట్టు మీద వైరు కోస్తే మామూలు దొంగతనం, గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కాబట్టి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం చిన్న నేరం. అదే మోటారు షెడ్డులో దూరి ఎత్తుకెళ్తే ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న సెక్షను పడుతుంది. ఆ చట్టం కింద వచ్చిన 2016 నియమాల ప్రకారం చిన్న నేరానికి ఎఫ్ఐఆర్ కట్టరు. స్టేషను జనరల్ డైరీలో రాసి, పిల్లాడి ఇంటి పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపుతారు. అయితే పాత ఇనుము కొట్టువాడు కూడా దొంగతనంలో చెయ్యి కలిపాడని తేలితే ఎఫ్ఐఆర్ పడుతుంది. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు బోల్తా పడతారు.

పట్టుకుంటే 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. లాకప్‌లో ఉంచకూడదు. లాయరు లీగల్ సర్వీసెస్ ద్వారా ఉచితం. విచారణకు నాలుగు నెలలు, పొడిగిస్తే ఇంకో రెండు. చిన్న నేరమైతే అప్పటికీ తేలకపోతే కేసు రద్దే.

బోర్డు మందలించి పంపొచ్చు, గ్రూప్ కౌన్సెలింగ్ వెయ్యొచ్చు, 14 దాటినవాళ్లకు సమాజసేవ వెయ్యొచ్చు. మీ పిల్లల బృందానికి చోటుంటే అక్కడే, అదీ బోర్డు అప్పగిస్తేనే.

ఏటిమొగ:
అమెరికా టీన్ కోర్టుల గురించి ఒక్క మాట. అక్కడ చాలావరకు తప్పు చేశాడా లేదా అన్నది తేల్చరు. ముందే ఒప్పుకున్న, మొదటిసారి దొరికిన పిల్లలకు ఏం వెయ్యాలో మాత్రం తేలుస్తారు. తర్వాత ఆ పిల్లాడే ఇంకొకరి కేసులో జ్యూరీలో కూర్చోవాలి. అసలు కిటుకు అదే. 2002లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ అధ్యయనంలో అలాస్కాలో టీన్ కోర్టుకెళ్లి ఆరు నెలల్లోపు మళ్లీ దొరికినవాళ్లు 6 శాతం, మామూలు దారిలో వెళ్లినవాళ్లలో 23 శాతం. మేరీలాండ్‌లో మాత్రం లాభం కనబడలేదు. అక్కడ పోల్చింది ఇలాంటి సేవలే పోలీసులు అందించే పద్ధతితో.

బడిలో పెట్టాలంటే నేరం కానివే తీసుకోండి, బల్లలు గీకడం, క్లాసు ఎగ్గొట్టడం లాంటివి. ఐదుగురు జ్యూరీ చాలు, వేర్వేరు సెక్షన్ల నుంచి, ముఖ్యంగా వేర్వేరు పేటల నుంచి. అందరూ ఒకే పేటవాళ్లయితే అది కుల పంచాయితీయే, పేరు కోర్టని. తలుపు వేసుకుని, ఒక టీచరు మూల కూర్చుని వినాలి. శిక్ష 6 నుంచి 10 గంటల పని, మూడు వారాల్లో ముగిసేలా. 40 గంటలు వేస్తే సగంలో మానేస్తాడు, అప్పుడు రెండో తప్పు మీరే పుట్టించినట్టు. గుంజీలు, మెడలో పలక కుదరవు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ రెండింటినీ వద్దంటుంది.

లంకగట్టు:
చెరువాయన వైరు డబ్బులిస్తే చాలు, స్టేషనుకి వెళ్లనంటే?

కోర్టుమెట్లు:
ఫిర్యాదు ఇవ్వడం మానడం ఆయనిష్టం. తల్లిదండ్రులు డబ్బు కట్టి రశీదు తీసుకోవాలి. పిల్లాడి చేత ‘నేనే కోశాను’ అని కాగితం రాయించి పెద్దల దగ్గర పెట్టకండి, ఏడాది తర్వాత ఇంకెక్కడో వైరు పోతే ఆ కాగితమే బయటికొస్తుంది. ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పడెయ్యడం అంతకన్నా ప్రమాదం. కేసు బోర్డుకెళ్లాక అలా బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను కింద పెట్టినవాడికే ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో. పేరు రాయలేదు కదా అనకండి, మన ఊళ్లో ‘వంతెన పక్కింటి ఆయన రెండోవాడు’ అంటే పేరు చెప్పినట్టే.