నొప్పి లేని జ్ఞానదంతం తీయించాలా, వదిలేయాలా?

మౌనిక_ఎస్: నాకు 23 ఏళ్లు. ఓపీజీ (పళ్లూ దవడలూ మొత్తం కనబడే) ఎక్స్‌రేలో కింద కుడివైపు జ్ఞానదంతం ఏటవాలుగా పెరిగి దాని ముందున్న పన్నుకు ఆనుకుని ఉందని తేలింది. ఇప్పుడు నొప్పేమీ లేదు. ఈమధ్య ఆ వెనక చిగురు వాచి, దానంతటదే తగ్గింది. డాక్టర్ తీయించేయమంటున్నారు. అసలు ఎప్పుడు తీయించాలి?

నిదానం: నొప్పి లేని పన్ను జోలికి వెళ్లకండి. జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం ఆపేయాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2000లోనే చెప్పింది. కింది దవడలో ఆ వేర్ల పక్కనుంచే నరం పోతుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి, గడ్డం మొద్దుబారతాయి.

రాధిక_వి: నొప్పి లేనంత మాత్రాన జబ్బు లేనట్టేనా? ఏటవాలు పన్నుకూ దాని ముందున్న పన్నుకూ మధ్య సందులో తిన్నది ఇరుక్కుంటుంది, బ్రష్ అక్కడిదాకా పోదు. జ్ఞానదంతం కంటే ముందు మంచి పన్నే వెనకనుంచి పుచ్చుతుంది. మీరు చెప్పిన నైస్ వాళ్లే ఎప్పుడు తీయాలో కూడా చెప్పారు: బాగుచేయలేనంత పుచ్చు, చీము, తిత్తి, పక్క పన్ను వేరు అరగడం. చిగురు వాపు కూడా అందులో ఉంది. మౌనిక గారికి వాపు వచ్చింది కదా.

నిదానం: ఒక్కసారి వచ్చింది. మొదటిసారే తీవ్రంగా వస్తే, లేదంటే రెండోసారి వస్తే తీయమన్నారు. దానంతటదే తగ్గిన వాపు తీవ్రమైనది ఎలా అవుతుంది?

చిన్నా: నాకు ముందు పళ్లు వంకర పోకుండా నాలుగూ తీసేశారు. హాయిగా ఉన్నా.

నిదానం: జ్ఞానదంతాలు అసలే లేనివాళ్లకు కూడా వయసుతో కింది ముందు పళ్లు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ఆ ఒక్క కారణంతో తీయించుకోవడం దండగ.

రాధిక_వి: ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. కానీ మీరు 'ఒక్కసారి' దగ్గరే ఆగిపోయారు. నేనడిగింది జ్ఞానదంతం ఆనుకున్న పన్ను గురించి.

నిదానం: పుచ్చు కనబడినప్పుడు తీయిస్తే సరిపోతుంది.

రాధిక_వి: కనబడదండీ! నాకూ నొప్పి లేదు. 'చూద్దాంలే' అన్నారు మా డాక్టర్. ఏం చూడాలో, మళ్లీ ఎప్పుడు ఎక్స్‌రే తీయాలో ఒక్క మాట చెప్పలేదు. తీరా నొప్పి మొదలయ్యేసరికి దాని ముందున్న పన్ను చిగురు లోపలిదాకా పుచ్చిపోయింది. జ్ఞానదంతంతోపాటు దాన్నీ పీకాల్సి వచ్చింది. మీలాంటివాళ్ల మాట వినే ఇదంతా.

నిదానం: మీలాంటివాళ్ల మాట విని నేనేం పోగొట్టుకున్నానో వినండి. కింది పెదవిలో సగం నాకు తెలియదు. షేవింగ్‌లో గడ్డం తెగితే అద్దంలో రక్తం చూశాకే తెలుస్తుంది. నీళ్లు తాగుతుంటే కారి చొక్కా మీద పడేదాకా తెలియదు. వేరు నరాన్ని ఆనుకుని ఉందని ముందే ఎక్స్‌రేలో ఉందట. అది నాకు చెప్పింది మాత్రం పన్ను తీశాక.

దంతవైద్యం_కె: నేను పళ్ల డాక్టర్‌ని. ఆ మొద్దుబారడం చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది. ఓపీజీలో వేరు నరం మీద పడినట్టు కనబడితే సీబీసీటీ అనే త్రీడీ ఎక్స్‌రే స్కాన్ తీయిస్తే అవి ఎంత దగ్గరో తెలుస్తుంది. మరీ ఆనుకుని ఉంటే, పన్ను పైభాగం మాత్రమే కోసి తీసి వేర్లు వదిలేసే పద్ధతి ఉంది. చిన్న వయసులో వేర్లు పూర్తిగా ఏర్పడకముందు తీయడం తేలిక, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. వదిలేయాలనుకుంటే మాత్రం క్రమం తప్పకుండా చూపించుకోవాలి. నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా, జ్వరంతో దవడ కింద వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మౌనిక గారూ, ఈ వాపు ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా?

రాధిక_వి: అయితే నిదానం గారూ, మీ బాధ మీకు ముందు చెప్పలేదని. పన్ను తీయడం తప్పని కాదు.

నిదానం: చెప్పి ఉంటే నేను తీయించుకునేవాణ్ణే కాదు. పోయిన పన్ను కట్టించుకోవచ్చు, పోయిన స్పర్శను ఎవరు తెచ్చిస్తారు?

రాధిక_వి: కట్టించుకున్నది సొంత పన్ను అవుతుందా? నేను ఇప్పటికీ ఒకవైపే నములుతున్నా. మీకు నరం భయం, నాకు పన్ను పోతుందన్న భయం. ఏది భరించగలదో మౌనిక గారే తేల్చుకోవాలి. అది చెప్పకుండా 'జోలికి వెళ్లకండి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

మౌనిక_ఎస్: డాక్టర్ గారూ, నిరుడు పరీక్షలప్పుడు అటువైపే వాచింది. రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోలేదు. గొంతునొప్పనుకుని మందులు వాడాం.

దంతవైద్యం_కె: అది గొంతునొప్పిలా లేదమ్మా. నోరు అలా బిగుసుకుపోయిందంటే పన్ను చుట్టూ చిగురు వాపే అయ్యుంటుంది. ఈ సంగతి మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

నిదానం: అయితే ఇది రెండోసారి. తీయించుకోండి, కాదనను. సీబీసీటీ చూసి నరం ఎంత దూరంలో ఉందో మీ ఎదుట చూపించాకే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టండి.