సమస్యాపూరణం: తండ్రి పెండ్లి చూచె తనయుఁ డపుడు

నిర్వాహకుడు (అనంతపురం):
పోయిన నెల సప్తగిరి సర్కిల్ దగ్గర కలిసినప్పుడు మన ఆర్ట్స్ కాలేజీ బ్యాచ్ వార్తలన్నీ చెప్పుకున్నాం. హెడ్మాస్టర్లుగా రిటైరైనవాళ్ళు, బెంగళూరులో మనవళ్ళను స్కూలు బస్సెక్కిస్తున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు. వాటిలో ఒక వార్త వినగానే నాకు ఈ సమస్య తట్టింది. ఏ వార్తో ఇప్పుడు చెప్పను.

సమస్య: *తండ్రి పెండ్లి చూచె తనయుఁ డపుడు*

ఇది ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు). పై మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి. గెలిచినవాళ్ళకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మనది 1916లో దత్తమండల కళాశాలగా పుట్టిన కాలేజీ. 1928లో ఈ సీమకు 'రాయలసీమ' అని పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు గారు తెలుగు చెప్పిన చోటు. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు) తప్పితే ఆయన వింటారని గుర్తుపెట్టుకోండి.

ధర్మవరం అక్క:
మా ఆయన షష్టిపూర్తికి మావాడు కువైట్ నుంచి వచ్చినాడు. నేనేం కల్పించలేదు, జరిగిందే.

అరువదేండ్లు నిండ నాలితో నయ్యకు
మరల పెండ్లి యనెడి మాట వినఁగ
గల్ఫు నుండి వచ్చి కన్నుల నీరూర
తండ్రి పెండ్లి చూచె తనయుఁ డపుడు

తాడిపత్రి అన్న:
బాగుందక్కా. మూడో పాదంలో గ–క యతి చక్కగా కుదిరింది. కానీ సమస్యలో ఎలాగూ ఉన్న 'పెండ్లి' రెండో పాదంలోనే వచ్చేసరికి గుట్టు ముందే బయటపడింది. 'మరల మనువటన్న మాట వినఁగ' అంటే గణాలూ చెడవు, 'పెండ్లి' చివరిదాకా దాగుతుంది.

ధర్మవరం అక్క:
మార్చుకుంటానన్నా. చీరల కొట్లో బేరం చేసినట్టు చేస్తావు గానీ, నీ మాట నిజమే.

కడప అన్న:
మా ఇల్లు దేవుని కడప గుడికి దగ్గర. రోజూ ఆ స్వామిని చూసేవాడికి ఇదొక సమస్యా?

నాభి నలువఁ గన్న నారాయణుఁడు తాను
పద్మఁ బెండ్లియాడఁ బరవశించి
నాల్గు మోములందు నవ్వులు పూయంగ
తండ్రి పెండ్లి చూచె తనయుఁ డపుడు

తాడిపత్రి అన్న:
పట్టుకోవడానికి తప్పేం దొరకలేదు. శ్రీనివాసుడి పెళ్ళికి బ్రహ్మ పెద్దరికం వహించిన కథ అందరికీ తెలిసిందే, కొడుకు వరసా సరిపోయింది. ఎనిమిది కళ్ళతో చూశాడు కాబట్టి 'చూచె'కు బలం కూడా వచ్చింది. ఒక్కటే బాధ. తండ్రి పెళ్ళి అనగానే పురాణం పట్టుకోవడం అవధానాల్లో అరిగిపోయిన దారి.

ఉరవకొండ తమ్ముడు:
రిటైరయ్యాకే ఛందస్సు మొదలుపెట్టినా. తిట్టకండప్పా.

అటక మీద పాత ఆల్బము తీసెను
దుమ్ము దులిపి తెరచి తొంగి చూడ
నలుపు తెలుపు ఫోటో నవ్వుతూ ఉన్నట్టి
తండ్రి పెండ్లి చూచె తనయుఁ డపుడు

తాడిపత్రి అన్న:
తిట్టను. దు–తొ యతి పట్టినావంటే నీకు చెవి ఉంది. కానీ 'ఫోటో' రెండు గురువులు, సూర్యగణం కాదు. 'పాత ఆల్బము', 'నవ్వుతూ ఉన్నట్టి' రెండూ విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశావు. 'పాత యాల్బము' అను. మూడో పాదం 'నలుపు తెలుపులోన నవ్వుచు నమ్మతో' అని మార్చు. ఫోటో అని చెప్పకుండానే ఫోటో కనబడుతుంది, పక్కన అమ్మా వచ్చింది.

ఉరవకొండ తమ్ముడు:
పెళ్ళి ఫోటోలో అమ్మను నేనే మరిచిపోయినా చూడు!

హిందూపురం మిత్రుడు:
ఆ వార్త నాదే. నిర్వాహకుడు నోరు కట్టుకున్నాడు గానీ నేను దాచేదేముంది.

అమ్మ లేని యింట నయ్యకుఁ దోడుగా
ముదిమి వేళ నొక్క ముడిని వేసి
సాక్షి సంతకమును చక్కగా చేయుచు
తండ్రి పెండ్లి చూచె తనయుఁ డపుడు

కడప అన్న:
ఏమప్పా, ఇంత మాట ఇన్నాళ్ళూ చెప్పలేదే! మా బ్రహ్మగారు కొట్టుకుపోయినాడు.

తాడిపత్రి అన్న:
శుభాకాంక్షలు. అయినా నా పని నేను చేయాలి కదా. మొదటి పాదంలో 'నయ్యకుఁ దోడుగా' అని 'తో'ను 'దో'గా మార్చి సరళాదేశం చేసి, మూడో పాదంలో 'సంతకమును చక్కగా చేయుచు' అని వదిలేశావు. 'జక్కగాఁ జేయుచు' కావాలి. అసలు ఆ 'చక్కగా' ఎందుకు? యతి కోసం తెచ్చిన వ్యర్థపదం.

హిందూపురం మిత్రుడు:
సరళాదేశం ఒప్పుకుంటా. వ్యర్థపదం మాత్రం ఒప్పుకోను. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి 30 రోజులు ఆగినాం. ముగ్గురు సాక్షులు కావాలి, మూడోవాడు మావాడు. వాడి సంతకం ఎప్పుడూ కోడి గీరినట్టే ఉంటుంది. సంతకం కలవలేదని ఒకసారి చెక్కు కూడా వెనక్కి వచ్చింది. ఆరోజు రిజిస్ట్రార్ పుస్తకం మీద వంగి, ఎడమచేత్తో కాగితం నొక్కిపట్టి, ఒక్కో అక్షరం విడివిడిగా రాసినాడు. ఇంటిపేరు కూడా పూర్తిగా. కింద గీత గీసి, సిరా ఆరేదాకా ఊదినాడు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నా. ఆ పాదంలో నాకు కావలసిన మాట అదొక్కటే.

తాడిపత్రి అన్న:
...ఉండనీ. 'జక్కగా' కూడా వద్దు, 'చక్కగా' అనే ఉండనీ.

నిర్వాహకుడు:
ఇంకెవరైనా రాస్తారా? లేకపోతే ఉగ్గాని హిందూపురానికే.

ఉరవకొండ తమ్ముడు:
రాసేదేముంది. ఇంతకీ పెట్టించేది గెలిచినవాళ్ళా, ఓడినవాళ్ళా?

హిందూపురం మిత్రుడు:
మీ కొత్త వదిన చేస్తానంటోంది. ఆదివారం పొద్దున్నే రండి. బజ్జీ మిరపకాయలు మాత్రం మీరే తెచ్చుకోవాలంట.