బోగన్‌విల్ 2005 ఎలక్షన్ అంత ముఖ్యమా?

గ్రూప్స్‌పక్షి:
గ్రూప్ 1కి చదువుతున్నా. 2019లో బోగన్‌విల్ జనం పాపువా న్యూగినీ నుంచి విడిపోతామని 97 శాతం పైనే ఓటేశారని నోట్సులో ఉంది, సరే. అంతకుముందు 2005లో మొదటిసారి సొంత అసెంబ్లీకి ఎలక్షన్ జరిగిందని ఒక్క లైన్ రాసి వదిలేశారు. మన జడ్పీ లాంటిదేనా, చదవాల్సినంత ఏమన్నా ఉందా?

అర్ధరాత్రి టీ:
అసలు చదవాల్సిందే అది బ్రో. పాపువా న్యూగినీతో గొడవ ఆపడానికి చేసుకున్న 2001 శాంతి ఒప్పందంలో రిఫరెండానికి (విడిపోవాలా వద్దా అనే ఆ ఓటుకి) తేదీ లేదు, మొదటి అటానమస్ ప్రభుత్వం ఎన్నికయ్యాక పదేళ్ళు దాటాలి, పదిహేనేళ్ళ లోపు పెట్టాలి అని రాసుకున్నారు. అంటే 2005 మే, జూన్‌లలో ఓట్లు పడ్డాకే లెక్క మొదలైంది, అందుకే 2019 చివర్లో పెట్టారు. పైగా తుపాకుల అప్పగింత ఫలానా దశకొచ్చిందని ఐరాస వాళ్ళు చెబితే తప్ప ఎలక్షనే లేదు. పాంగునా రాగి గని గొడవతో దాదాపు పదేళ్ళు కొట్టుకున్న దీవి మరి, ఊరికే బ్యాలెట్ పెట్టెలు పంపితే అయ్యే పనా.

మామిడిటెంక:
సీట్లు కూడా చూడండి. 33 నియోజకవర్గాలు కాక ఆడవాళ్ళకి మూడు, మాజీ ఫైటర్లకి మూడు, అంటే నార్త్, సెంట్రల్, సౌత్ ప్రాంతాల్లో ఒక్కోదానికి ఒక్కోటి. తుపాకీ దించినోడు బయట కూర్చుని మళ్ళీ ఎత్తకుండా లోపలే కుర్చీ వేశారన్నమాట, నాకైతే నచ్చింది. అక్కడ చాలా తెగల్లో భూమి తల్లి వైపు నుంచే వస్తుంది, అయినా సభలోకి రావాలంటే ఆడవాళ్ళకి రిజర్వేషనే దిక్కయింది 🙂

ఉల్టాపల్టా:
ఓనా మాట ఎవరూ ఎత్తరేం? తిరుగుబాటు మొదలెట్టిన ఫ్రాన్సిస్ ఓనా ఆ ఒప్పందమే ఒప్పుకోలేదు, పాంగునా చుట్టూ తన ఇలాకాలో ఉండి నేనే రాజునన్నాడు. ఆయన లేని ఎలక్షన్ అందరిదీ ఎలా అవుద్ది?

అర్ధరాత్రి టీ:
పాయింటే, కాదనను. కానీ గెలిచి మొదటి ప్రెసిడెంట్ అయిన జోసెఫ్ కబుయి ఒకప్పుడు ఓనా పక్కన ఉన్నవాడే. ఓడిపోయిన జాన్ మోమిస్ అప్పటిదాకా గవర్నర్, 2010లో మళ్ళీ నిలబడి ప్రెసిడెంట్ అయ్యాడు. ఓనా 2005 జూలైలోనే పోయాడు, కబుయి ప్రమాణం చేసి రెండు నెలలు కూడా కాలేదు.

గ్రూప్స్‌పక్షి:
థాంక్యూ, ఆ లైన్ పక్కన ఇంకో పేజీ అంటిస్తున్నా. మరి అంత మెజారిటీ వచ్చినా వెంటనే దేశం ఎందుకు అవ్వలేదు?

మామిడిటెంక:
ఆ ఓటు బైండింగ్ కాదు, పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో ఉన్న పార్లమెంటు ఒప్పుకోవాలి. దానికి వేరే థ్రెడ్ పెట్టు, ఇక్కడే మొదలెడితే తెల్లారుద్ది.